పెట్ట కూస్తే అరిష్టమా?

పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని మన పెద్దవాళ్ళనేవారు. కూసిన పెట్టని ఆ పూటకే కోసి కూర చేసేసేవాళ్ళూ ఉండేవారు. పుంజు కూస్తే మాత్రం తెల్లవారుతుంది! జాతి ఒకటే, గూడు ఒకటే, తినే గింజలూ ఒకటే. ఒకరి గొంతు శుభం, ఇంకొకరి గొంతు అశుభం.

"అదంతా పల్లెటూరి మాట. మనమున్నది సైబరాబాదులో, పధ్నాలుగో అంతస్తులో. ఇక్కడ కోడి అంటే ఫ్రిజ్‌లో ఉండే వస్తువు" అని కొట్టిపారెయ్యకండి. ఆ కూసే పెట్ట మీ ఇంట్లోకి ఎప్పుడో వచ్చేసింది. మీరు వంటింట్లో తిరగమోత వేస్తున్న సమయానికి, హాల్లో మీ పిల్లల ముందు నిలబడి గొంతెత్తి పాడుతోంది. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. ఆ నవ్వు గురించే నా పోట్లాటంతా.

ఆ పెట్ట పేరు క్లారా క్లక్. డిస్నీ వారి బొమ్మ. 1934లో 'ఆర్ఫన్స్ బెనిఫిట్' అనే కార్టూనులో తెరకెక్కింది. వృత్తి ఆపెరా గాయని. ఆపెరా అంటే మరేం లేదు, కథంతా పాటలోనే నడిచే పడమటిదేశాల నాటకం. మన పద్యనాటకానికి దూరపు చుట్టమనుకోండి. క్లారా బొద్దుగా ఉంటుంది. గుండెల నిండా గాలి పీల్చి, కళ్ళు అరమోడ్చి, పెద్ద విదుషీమణిలా నిలబడుతుంది. నోరు తెరిచిందా, రాగమైతే వస్తుంది కాని మాట రాదు. మాటకి బదులు క్లక్ క్లక్‌మని కోడి అరుపు! అదీ హాస్యం. 1936లో వచ్చిన 'మికీస్ గ్రాండ్ ఆపెరా'లో ఆవిడా, డోనాల్డ్ డక్కూ కలిసి వెర్డి 'రిగొలెత్తో'లోని పాట పాడతారు. ఒకటి బాతు, ఒకటి కోడి. సంగీతం సంగతి మీరే ఊహించుకోండి.

నవ్వు రాదా అంటే, ఎందుకు రాదూ, వస్తుంది. నవ్వించడానికే కదా గీశారు. ఆ పెట్టకి గొంతిచ్చింది ఫ్లారెన్స్ గిల్ అనే ఆవిడ. కోడి అరుపుని శ్రుతి తప్పకుండా, తాళం జారకుండా ఆపెరా వరసలో అరవడమంటే మాటలా? సంగీతం రానివాళ్ళ వల్ల అయ్యే పని కాదది. ఆవిడ విద్యకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం. నా తగాదా ఆవిడతో కాదు. అంత విద్య ఉన్న ఆడగొంతుని కోడి అరుపుకే వాడుకోవాలని ఎవరికి తోచిందో, వాళ్ళతో.

ఇక్కడ ఒక లెక్క చూడండి. అదే 1934లో 'ది వైజ్ లిటిల్ హెన్' అనే కార్టూను వచ్చింది. అందులో కష్టపడి మొక్కజొన్న పండించిన తల్లికోడికి గొంతిచ్చింది ఈ ఫ్లారెన్స్ గిల్లే. కడుపునొప్పని పని ఎగ్గొట్టే బాతుకి గొంతిచ్చినాయన క్లారెన్స్ నాష్. ఆ బాతే డోనాల్డ్. అదే దాని తొలి చిత్రం. తరవాతేం జరిగింది? 1937 కల్లా డోనాల్డ్ పేరు మీద విడిగా సినీమాలు మొదలైపోయాయి. వందకి పైగా తీశారు. క్లారా క్లక్‌కి ఆ రోజుల్లో పట్టుమని పది సినీమాలు కూడా రాలేదు. డోనాల్డ్ మాట్లాడితే ఒక్క ముక్క అర్థమవుతుందా? కాదు. కోపం తప్ప ఇంకో గుణముందా? లేదు. అయినా ప్రపంచమంతా ముద్దు చేసింది. మాట అర్థం కాని మగబాతు హీరో అయ్యాడు. రాగం తప్పని పెట్ట ఎక్కడో వెనక వరసలో మిగిలిపోయింది. దీన్ని కార్టూనంటారో, కాపురమంటారో మీరే చెప్పండి!

మావారు ఈ మాట విని, ఫోనులోంచి తల ఎత్తకుండానే, "బొమ్మల సినీమా మీద పోట్లాటేవిటోయ్? మగ గాయకుల్నీ వెక్కిరించారుగా" అన్నారు. నిజమే, వెక్కిరించారు. ఎలా వెక్కిరించారో చూడాలి కదా. 1949లో వార్నర్ బ్రదర్స్ వారు 'లాంగ్ హెయిర్డ్ హేర్' అని ఒకటి తీశారు. దర్శకుడు చక్ జోన్స్. అందులో జియొవాని జోన్స్ అనే మగ ఆపెరా గాయకుడున్నాడు. పాపం బగ్స్ బన్నీ అనే కుందేలు తన మానాన తను పాడుకుంటూంటే, వీడొచ్చి దాని వాద్యాలు విరగ్గొట్టి, దాన్ని నానా హింసా పెడతాడు. కుందేలు పగ తీర్చుకుంటుంది. పేరుమోసిన సంగీత దర్శకుడి వేషంలో వచ్చి, వీడి చేత ఒకే స్వరం గుక్క తిప్పుకోనివ్వకుండా పాడించి, చివరికి రంగస్థలం కప్పు వీడి నెత్తిన కూలేలా చేస్తుంది.

తేడా గమనించారా? వాడికి శిక్ష పడింది పొగరుకి, పాటకి కాదు. వాడి గొంతు వెక్కిరింపు గొంతు కాదు. నిజం గాయకుడి చేత నిజంగా పాడించి పెట్టారు. అంటే మగవాడి విషయంలో హాస్యం వాడి గుణం మీద. ఆడదాని విషయంలో హాస్యం ఆవిడ గొంతు మీద, ఒంటి మీద. క్లారా ఎవరికి అపకారం చేసింది? ఎవరి వీణ విరగ్గొట్టింది? వేదికెక్కి పాడింది, అంతే.

ఇంకా చూడండి. 1946లో డిస్నీ వారే ఒక తిమింగిలం కథ తీశారు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఆపెరాలో పాడాలని దాని కోరిక. దానికి గొంతిచ్చినాయన నెల్సన్ ఎడ్డీ, అప్పటికే పేరుమోసిన గాయకుడు. కథ చివర ఆ తిమింగిలాన్ని బల్లెం వేసి చంపేస్తారు. అయినా దాని పాట స్వర్గంలో మోగుతూనే ఉంటుంది. చూసినవాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి. అంటే ఆపెరాని గౌరవంగా గియ్యడం ఆ చిత్రకారులకి చేతకాక కాదు. ఏనుగుని మించిన ఒళ్ళున్నా సరే, మగగొంతైతే కన్నీళ్ళు పెట్టించగలరు. ఆడగొంతు దగ్గరికొచ్చేసరికే చేతికి కోడి వచ్చింది.

"మరి స్నోవైట్ పాడలేదా? అందరూ మెచ్చుకోలేదా?" అని మీరు అడగవచ్చు. అడగండి, అడగాలి. 1937లో వచ్చిన ఆ బొమ్మకి గొంతిచ్చింది సంగీత కుటుంబంలో పుట్టిన ఏడ్రియానా కాసెలొత్తి. చక్కగా పాడింది. తెర మీద ఆ అమ్మాయి పేరు వెయ్యలేదు, అది వేరే కథ. కాని స్నోవైట్ ఎక్కడ పాడుతుంది? బావి దగ్గర పాడుతుంది. ఇల్లు ఊడుస్తూ పాడుతుంది. రాకుమారుడి కోసం పాడుతుంది. సన్నగా, తీయగా, పక్కింటికి వినపడనంత పద్ధతిగా పాడుతుంది. చీపురు చేతిలో ఉంటే పాట అందం. చీపురు పారేసి వేదికెక్కి గొంతు విప్పితే కోడి. ఈ నీతి మనకి కొత్తదా చెప్పండి?

కాదు. ఇది మన పెళ్ళిచూపుల నీతి. మన అమ్మల కాలంలో "అమ్మాయికి సంగీతం వచ్చా?" అన్నది కట్నం తరవాత ప్రశ్న. పిల్ల తల వంచుకుని, నేల చూపులు చూస్తూ, ఎదురుగా కూచున్నవాళ్ళకి మాత్రమే వినపడేలా ఒక కీర్తన పాడేది. పాసయ్యేది. పెళ్ళయ్యాక వీణ అటకెక్కేది. గృహప్రవేశం నాడు మళ్ళీ దించి, దుమ్ము దులిపి, షోకేసు పక్కన బొమ్మలా నిలబెట్టేవారు. పాట పెళ్ళికి అర్హతే కాని, బతుకులో భాగం కాలేదు.

ఇప్పుడు పెళ్ళిచూపులు కాఫీ హోటళ్ళకి మారాయి. పాట అడిగేవాళ్ళు లేరు. బాగుపడ్డామనుకుంటున్నామా? మా కొండాపూర్ వైపు ఒక అపార్టుమెంటులో పదకొండేళ్ళ పిల్ల సంగీతం నేర్చుకునేది. మంచి గాత్రం. పొద్దున్నే సాధన చేస్తే మెట్ల దాకా వినపడేది. ముందు పక్కవాళ్ళు అసోసియేషనుకి ఫిర్యాదు చేశారు. "ల్యాప్‌టాప్ మీటింగులో అటువాళ్ళకి వినపడుతోందండీ" అని. ఆ ఇంటి మీద ఇంకో ఇంట్లో ఒకబ్బాయి డ్రమ్ములు వాయిస్తాడు. ఆ ఫిర్యాదు ఎవరూ ఇవ్వలేదు, కుర్రాడు కదా, సరదా! తరవాత కింద ఆడుకునే పిల్లలు ఆ అమ్మాయి కనపడగానే రెండు మోచేతులూ రెక్కల్లా ఆడించి క్లక్ క్లక్ అనడం మొదలెట్టారు. ఎక్కడ నేర్చుకున్నారో నేను వేరే చెప్పక్కర్లేదు. మూడు వారాల్లో సంగీతం మానేసింది. "ఎందుకమ్మా మానేశావు?" అంటే, "నా గొంతు బాగుండదు ఆంటీ" అంది. పదకొండేళ్ళ పిల్ల! గొంతు బాగుండదని దానికి ఏ గురువూ చెప్పలేదు.

అందుకనే నేను "కార్టూనే కదా" అన్న మాట ఒప్పుకోను. పిల్లలు నవ్వుతూ నేర్చుకున్నది బడిలో నేర్చుకున్నదానికంటే గట్టిగా నిలుస్తుంది.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. ఎక్కడో అమెరికాలో తొంభై ఏళ్ళ కిందట గీసిన పెట్టని ఎంత తిట్టి ఏం లాభం? బొమ్మలు గీసేవాళ్ళిప్పుడు మన ఊళ్ళోనే ఉన్నారు. పిల్లలు అన్నం తినాలంటే ముందు టీ.వీ.లో కనపడవలసిన ఛోటా భీమ్ పుట్టింది మన హైదరాబాదులోనే. రాజీవ్ చిలక 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ తీసింది. 2008లో పోగో చానల్లో మొదలై దేశమంతా పాకింది. 2019లో దాని పసిరూపం 'మైటీ లిటిల్ భీమ్' నెట్‌ఫ్లిక్స్‌లో ప్రపంచమంతా తిరిగింది. సంతోషం, మన ఊరి బిడ్డ. మన మట్టిలోంచి, మన లడ్డూలోంచి పుట్టిన కథ.

కాని ఆ ఢోలక్‌పూర్‌లో లడ్డూలమ్మే లావుపాటి ఆవిడ పేరేమిటో గుర్తుందా? టున్‌టున్ మౌసీ. మా వయసు వాళ్ళకి ఆ పేరు వినగానే ఒక మనిషి గుర్తొస్తుంది. హిందీ సినీమాల్లో తెర మీదికి రాగానే హాలంతా నవ్వే స్థూలకాయురాలు, టున్ టున్. ఆవిడ అసలు పేరు ఉమాదేవి ఖత్రీ. హాస్యనటి కాకముందు ఆవిడ గాయని అని ఎంతమందికి తెలుసు? 1947లో నౌషాద్ సంగీతంలో 'దర్ద్' సినీమాకి పాడింది. ఆ పాట దేశమంతా మారుమోగింది. తరవాత పాటలు తగ్గిపోయాయి. 1950లో 'బాబుల్'తో నటి అయింది. పేరు మార్చారు, వేషం మార్చారు. ఆ తరవాత 2003లో చనిపోయేదాకా జనానికి ఆవిడ గొంతు గుర్తులేదు, ఒళ్ళే గుర్తు. లావుగా ఉన్న ఏ ఆడపిల్లనైనా ఏడిపించడానికి ఆ పేరే వాడారు. క్లారా క్లక్ బొమ్మ. ఉమాదేవి మనిషి. మనం మనిషినే తీసుకుపోయి బొమ్మని చేశాం!

పేరు పెట్టినవాళ్ళు చెడుబుద్ధితో పెట్టారని నేననను. ముద్దుగానే పెట్టి ఉంటారు. ముద్దుగా పెట్టిన పేర్లతోనే కదా వచ్చిన చిక్కు! ముద్దు మాటున ఏం మోసుకొస్తున్నామో చూసుకోం. చుట్కీ అనగానే పిల్లలకి గుర్తొచ్చేది లడ్డూల పళ్ళెం. టున్‌టున్ అనగానే గుర్తొచ్చేదీ లడ్డూల పళ్ళెమే. ఆ పేరుగల ఆవిడ ఒకప్పుడు దేశాన్ని పాటతో నిలబెట్టి వినిపించిందని మన పిల్లలకి చెప్పేదెవరు?

ఆడదాని పూర్తి గొంతు మనకి నవ్వుగా ఎప్పుడు మారిందో కూడా ఆలోచించండి. మైకు రాకముందు పాడేవాళ్ళకి గొంతే ఆస్తి. చివరి వరసలో నేల మీద కూచున్నవాడికి పద్యం వినపడకపోతే ఆ గొంతు పనికిరానట్టే. మైకు వచ్చాక గుసగుసలా పాడినా ఊరంతా వినపడింది. తప్పు లేదు, సన్నగొంతులో అందం సన్నగొంతుదే. కాని మెల్లమెల్లగా సన్నగా ఉంటేనే ఆడగొంతు, నిండుగా ఉంటే మగరాయుడి గొంతు అన్న లెక్క వచ్చింది. భానుమతి గారు ఆ లెక్కని లక్ష్యపెట్టలేదు. తన పాట తనే పాడుకుంది, అదీ కంచు మోగినట్టు. 'మల్లీశ్వరి' చూసినవాళ్ళెవరైనా ఆ గొంతు విని నవ్వారా? నవ్వే ధైర్యం ఎవరికుంది?

ఇంకా వెనక్కి వెళ్ళండి. మన ఆపెరా మన గుమ్మంలోనే ఉంది, మనకే తెలియదు. హైటెక్ సిటీ స్టేషనులో ఎమ్మెమ్టీఎస్ ఎక్కి, హఫీజ్‌పేట, చందానగర్ దాటితే లింగంపల్లి. అక్కడికి దగ్గర్లోనే సురభి కాలనీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచక వధ'తో మొదలుపెట్టిన సురభి నాటక సమాజం వారసులు ఉండేచోటు. మనం ఐదు నిమిషాల్లో కూరలు తెప్పించుకునే ఈ నగరంలో, నూట నలభై ఏళ్ళుగా తరం తరవాత తరం పద్యం పాడుతూ వచ్చిన కుటుంబాలు పక్క స్టేషన్లో ఉన్నాయి. సురభి నాగేశ్వరరావు గారికి, అదే మన బాబ్జీ గారికి, 2013లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో ఆయన పోయారు.

సురభి గొప్పేమిటో తెలుసా? మిగతా నాటక కంపెనీల్లో మగవాళ్ళు చీరలు కట్టి ఆడవేషం వేస్తున్న రోజుల్లో, సురభిలో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. వాళ్ళే పద్యాలు పాడారు. అవసరమైతే మగవేషాలు కూడా వేసి మగవాళ్ళ పద్యాలూ పాడారు. ఆ కుటుంబాల్లోంచి వచ్చిన సురభి కమలాబాయి మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932)లో లీలావతి. తెలుగు సినీమా నోరు తెరిచిన నాడే ఒక రంగస్థల గాయని గొంతు వినపడిందన్నమాట. ఆ గొంతుని కోడి అని ఎవరూ అనలేదు. డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని విన్నారు.

అటువైపు సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. అద్దాల మేడల్లో వందలమంది కుర్రాళ్ళూ, అమ్మాయిలూ కంప్యూటర్ల ముందు కూచుని దేశదేశాల పిల్లల కోసం బొమ్మలు కదిలిస్తున్నారు. ఇటువైపు సురభి కాలనీ. మధ్యన మూడు స్టేషన్లు. ఈ మూడు స్టేషన్లూ దాటి ఒక్క బొమ్మ గీసేవాడైనా అటు వెళ్ళి, అక్కడి అమ్మాయి హార్మోనియం శ్రుతికి గొంతు కలిపి పద్యం ఎత్తుకున్నప్పుడు మెడ నరాలు ఎలా నిలుస్తాయో, కళ్ళు ఎలా మెరుస్తాయో చూసి గియ్యకూడదా? గుక్క తిప్పుకోకుండా రాగం తీసినప్పుడు జనం ఎలా ముందుకి వంగుతారో గియ్యకూడదా? నేనడిగేది హాస్యం మానెయ్యమని కాదు. నవ్వులేని కార్టూను ఉప్పులేని పప్పు. ఆ పిల్లకి పొగరుంటే పొగరు మీద నవ్వించండి, మతిమరుపుంటే మతిమరుపు మీద నవ్వించండి. గొంతు మాత్రం నిజం గొంతు పెట్టండి. జియొవాని జోన్స్‌కి దక్కిన మర్యాద మన చుట్కీకి దక్కకూడదా?

గీసేవాళ్ళ సంగతి అలా ఉంచి, చూపించేవాళ్ళం మనమే కదా. క్లారా క్లక్ వచ్చినప్పుడు టీ.వీ. కట్టెయ్యమని నేను చెప్పను. కట్టేసిన బొమ్మ మీద మోజు రెట్టింపవుతుంది. పక్కన కూచోండి. "ఇది పాడే పాట నిజంగా ఎలా ఉంటుందో విందామా?" అని అదే ఫోనులో అసలు గాయని చేత పాడించి వినిపించండి. ఆదివారం మాల్‌కి బదులు, సురభి వారి నాటకం ఎక్కడ ఆడుతూంటే అక్కడికి ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళండి. 'మాయాబజార్' చూసి ఇంటికొచ్చిన పిల్లలు రెక్కలాడించరు, గదలాడిస్తారు. ఆ గోల భరించడం మేలు! అసోసియేషను మీటింగులో డ్రమ్ములకి లేని అభ్యంతరం గాత్రానికెందుకని లేచి అడగండి. "పెద్దగా పాడకు, పక్కవాళ్ళేమనుకుంటారు" అన్న మాట మీ అమ్మాయితో అనే ముందు, అదే మాట మీ అబ్బాయితో ఎప్పుడైనా అన్నారా అని ఒక్క క్షణం ఆలోచించండి.

అటక మీద వీణ ఉన్నవాళ్ళు దించండి. తీగలు తుప్పు పట్టి ఉంటాయి, మార్పించండి. గొంతూ తుప్పు పట్టే ఉంటుంది. నలభై ఏళ్ళ గొంతు మొదటి వారం కోడిలాగే పలుకుతుంది, పలకనివ్వండి. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. నెలయ్యేసరికి వాళ్ళ నవ్వు ఆగుతుంది, మీ పాట ఆగదు.

తన కోడీ, తన కుంపటీ లేకపోతే తెల్లవారదనుకున్నదట వెనకటికొక ముసలమ్మ. అందరూ నవ్వారు. ఏమో, ఆ ముసలమ్మ కోడి పెట్టేనేమో! మన ఇళ్ళల్లో పెట్టలు కూయకుండా ఎన్ని తెల్లవారుజాములు గడిచాయో చూశాం. ఇకనైనా కూయనిద్దాం. అరిష్టం ఎవరికో, అదీ చూద్దాం.